తప్పిన దెబ్బలు

ఇంతకుముందు నేనెప్పుడూ ఏదీ రాసింది లేదు. చదివింది ఐదో తరగతి. నలుగురిలో నోరు విప్పాలంటేనే బెరుకు. అయినా మా వీధి మిషనక్క సంగతి ఎవరో ఒకరు చెప్పాలి కదా. పక్కన కూర్చుని చెప్పుకొచ్చినట్టే రాస్తున్నాను.

పొద్దున లేచి మంచం దిగగానే మిషనక్క ముందు తల వంచుతుంది. మంచానికీ బీరువాకీ మధ్య, సరిగ్గా ఆమె చెవి ఎత్తున, ఒక చెంపదెబ్బ ఉంటుంది. దాన్ని దాటాక గుమ్మం దగ్గర పక్కకి ఒరిగి నడుస్తుంది, అక్కడో పిడిగుద్దు. వంటగదిలో పొయ్యిగట్టు ముందు మోకాలెత్తున ఒక తన్ను. ఇలా వంగుతూ, ఒరుగుతూ పాలు పొయ్యి మీద పెట్టి, పిల్లని లేపి బడికి పంపి, ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుంటుంది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె మిషనక్కే.

ఆమె మొగుడు కార్ల షెడ్డులో సొట్టలు తీస్తాడు. గుద్దుకుని నలిగిపోయిన తలుపుని వెనకనుంచి సుత్తితో కొట్టి కొట్టి అద్దంలా చేసి ఇస్తాడు. సొట్టల మేస్త్రీ అంటే పేరున్న పనివాడు. చుక్క ముట్టడు. ఒళ్ళు తెలిసే కొడతాడు. కూరలో ఉప్పు తక్కువైతే కొడతాడు, ఎక్కువైతే కొడతాడు, సరిపోతే ఇవాళ ఎవరికోసం ఇంత బాగా వండావని కొడతాడు.

తగిలిన దెబ్బ తగిలినట్టే పోతుంది. నాలుగు రోజులు నల్లగా ఉండి, పచ్చబడి, మాసిపోతుంది. తప్పిన దెబ్బే పోదు. మిషనక్క చురుకైన మనిషి, సగానికి సగం తప్పించుకునేది. అలా తప్పిన ప్రతి దెబ్బా వేసిన చోటే, వేసిన ఎత్తులోనే, గాల్లో ఉండిపోయేది. కంటికి కనపడదు. ఎవరైనా వెళ్ళి తగిలితే అప్పుడు పడుతుంది, వేసిన రోజున ఎంత గట్టిదో అంత గట్టిగానూ. మేస్త్రీకి మాత్రం తగలవు. ఆయన చేతివే కదా, ఆయన వస్తుంటే పక్కకి తప్పుకునేవి.

ఆ ఇంటికి వచ్చేవాళ్ళందరికీ ఇది తెలుసు. గ్యాసుబండ తెచ్చేవాడు గుమ్మం బయట నిలబడి "అక్కా, దారెటు?" అని అడిగి మరీ లోపలికొస్తాడు. పై వాటాలో ఉండే పిన్ని కూడా అంతే.

"ఏమే, కొత్తవేమైనా ఉన్నాయా?"

"కిటికీ పక్కన నిన్నటిది ఒకటుంది పిన్నీ. వంగి రా."

"వంగితే నా నడుం పట్టేస్తుందే తల్లీ. దానికన్నా దెబ్బే నయం."

అలాంటి మనిషికి పేగు చెడింది. పెద్దపేగు నిండా పుళ్ళు. ఏళ్ళ తరబడి నెత్తురు పోయినా సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. చివరికి ఒకరోజు మిషను మీదే ఒరిగిపోతే ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పటికప్పుడు పొట్ట కోసి, కింద కొంచెం కొస వదిలి పెద్దపేగంతా తీసేశారు. చిన్నపేగు చివరని బొడ్డుకి కుడిపక్కన బయటికి తెచ్చి కుట్టారు. ఎర్రటి మొగ్గలా ఉంటుంది. దానిమీద అతికించే సంచీ. తిన్నదంతా అరిగి అందులోకే వస్తుంది. నిండినప్పుడల్లా అడుగున క్లిప్పు తీసి పాయిఖానాలో వంపేసి మళ్ళీ బిగించుకోవాలి.

ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక డాక్టరమ్మ ఆమెని కూర్చోబెట్టి చెప్పింది.

"నీకు రెండు దార్లున్నాయమ్మా. ఒకటి, చిన్నపేగు చివరని గొడుగు పిడిలా మడిచి, లోపలే సంచీలా కుట్టి కిందికి కలిపేస్తాం. జె పౌచ్ అంటారు. ఇంకో రెండు ఆపరేషన్లు పడతాయి. పొట్ట మీద ఏమీ ఉండదు, మామూలు దారినే వెళ్తావు. కాకపోతే రోజుకి ఐదారుసార్లు, మొదట్లో ఇంకా ఎక్కువ. రాత్రుళ్ళు కూడా లేవాలి. ఒక్కోసారి వచ్చిందంటే పరుగే. ఆ సంచీ వాచి మందులు వాడాల్సి రావచ్చు. అయినా చాలామంది దానితో హాయిగా ఉన్నారు. రెండోది, ఇప్పుడున్న బయటి సంచీనే ఉంచేసుకోవడం. మిగిలిన కొస తీసేసి కింద దారి కుట్టేస్తాం. ఒక్క ఆపరేషనే. కానీ కుట్టేశాక మళ్ళీ తెరవడం ఉండదు. ఏదైనా తప్పు కాదు. నీ ఒళ్ళు, నీ ఇష్టం."

నీ ఒళ్ళు నీ ఇష్టం అన్నది ఎవరినోనని మిషనక్క వెనక్కి తిరిగి చూసింది.

ఆమె మనసు లోపలి సంచీ మీదే ఉంది. కొలతలకొచ్చిన ఆడవాళ్ళ ముందు టేపు పట్టుకుని వంగినప్పుడు పొట్ట మీద సంచీ బుడబుడమంటే చచ్చేంత సిగ్గు. మేస్త్రీదీ అదే మాట, వేరే కారణానికి.

"లోపల పెట్టించెయ్. పక్కలో ఆ దరిద్రాన్ని వేసుకుని పడుకోవడం నా వల్ల కాదు."

కానీ పాయిఖానా పెరట్లో ఉంది. వంటగది దాటాక సన్నటి నడవ, ఆ చివర తలుపు. పారిపోతున్న ఆడమనిషి దొరికేది ఆ నడవలోనే. అందుకే ఇల్లు మొత్తం మీద దెబ్బలు చిక్కగా ఉన్నదీ అక్కడే. సూదిలో దారం ఎక్కించినంత నింపాదిగా వెళ్తేనే దాటగలం. బయటి సంచీ ఉన్నంతకాలం నింపాదిగా వెళ్ళొచ్చు, అది ఓపిక పడుతుంది. పరుగెత్తాల్సొస్తే? రాత్రిపూట, నిద్రమత్తులో?

ఈ మాట డాక్టరమ్మకి ఎలా చెప్తుంది. ఆలోచించుకుని వస్తానని వచ్చేసింది.

ఈలోగా పిల్ల ఎదిగింది. ఆ ఏడు తాడులా ఒక్కసారి సాగింది. యూనిఫారం అంచులు విప్పి పొడుగు చేసింది మిషనక్కే. అయినా, ఇన్నాళ్ళూ పిల్ల తల మీదుగా పోయిన దెబ్బలు ఇక దాని మొహానికి అందుతాయన్న సంగతి తట్టలేదు.

సెలవురోజు మధ్యాహ్నం పిల్ల పెరట్లోంచి ఆరిన బట్టలు తెస్తూ, చిన్నప్పటినుంచి పరుగెత్తినట్టే నడవలో పరుగెత్తింది. ఫట్‌మని కట్టె విరిగిన చప్పుడు. అదెప్పటిదో పిడిగుద్దు. పిల్ల పొత్తిళ్ళలో ఉన్నప్పుడు తల్లి మీదికి వేసింది. ముక్కు పక్కకి తిరిగిపోయింది. నోటినిండా నెత్తురు. తూలి వెనక్కి పడబోతే వీపున ఇంకోటి తగిలి ముందుకు తోసింది. ముందున్నది చెంప పగలగొట్టింది. కిందపడే వీలు కూడా లేకుండా దెబ్బలు పిల్లని ఒకదానికొకటి అందించుకుంటున్నాయి.

మిషనక్క దారి చూసుకోలేదు. ఎదురెళ్ళింది. చెవి మీద ఒకటి పడి లోకం హోరెత్తింది. భుజం మీద ఒకటి. పెదవి చిట్లింది. పిల్లని చంకల కింద పట్టుకుని ఈడుస్తుంటే సూటిగా పొట్ట మీద పడింది ఒక తన్ను. పొట్టకి దెబ్బ తగలనివ్వకని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. అంతా అయిపోయిందనుకుని కళ్ళు మూసుకుంది.

ఏమీ కాలేదు. సంచీ బుస్సున ఉబ్బింది, వేడెక్కింది, అంతే. తడిమి చూస్తే లోపల ఆ తన్ను గోతంలో వేసిన పిల్లిలా గింజుకుంటోంది.

పిల్లని పడుకోబెట్టి ముక్కుకి తడిగుడ్డ పెట్టి, పాయిఖానాలోకి వెళ్ళి క్లిప్పు తీసింది. తన్ను దబ్బున గొట్టంలోకి దూకింది. వీధి చివరిదాకా కాలవ మూతలు టపటపా ఎగిరాయి. పైనుంచి పిన్ని కేక.

"ఏమే, నన్ను ఎత్తి పడేసిందే ఇక్కడ! ఏం తిన్నావే?"

"తన్ను, పిన్నీ."

"అదా. మళ్ళీ వదిలేటప్పుడు చెప్పి వదులు. లేచి నిలబడతా."

పిన్ని కిందికొచ్చి పిల్ల ముక్కులో దూది పెట్టి, రేపే ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. మిషనక్క అప్పటికే స్టూలు లాగుతోంది. ఏ దెబ్బ ఎక్కడుందో ఆమెకి కంఠతా వచ్చు. ఎత్తున ఉన్నవాటికి స్టూలెక్కి పొట్ట అందించింది, కింద ఉన్నవాటికి మోకాళ్ళ మీద కూర్చుంది. నిండినప్పుడల్లా వెళ్ళి వంపేసి వచ్చింది. ఒక్కోటి లోపలికి పోతుంటే అది ఏ రోజుదో గుర్తొచ్చేది. ఇది పెళ్ళైన వారానిది. ఇది అమ్మ పోయిందని ఏడ్చినందుకు. ఇది నవ్వినందుకు. మెత్తనిది ఒక్కటీ లేదు.

చీకటిపడే వేళకి మేస్త్రీ వచ్చి గుమ్మంలోనే ఆగాడు. ఎప్పుడూ ఒత్తిగిలి దారిచ్చే గాలి ఇప్పుడు కదలట్లేదు.

"నావేవి?"

"ఏంటండీ?"

"ఏంటేంటి! నా దెబ్బలు. ఎవర్నడిగి తీశావ్?" దొంగలు పడ్డ ఇంట్లో వెతికినట్టు గది గదీ వెతికాడు.

"కష్టపడి కూడబెట్టిన ఆస్తి కదా అల్లుడూ, పాపం" అంది పిన్ని మెట్ల మీదనుంచి.

మేస్త్రీకి అప్పుడు కనపడింది పిల్ల మొహం. "దీనికేమైంది?"

"మీరు వేసిందే. ఇది పొత్తిళ్ళలో ఉన్నప్పటిది. ఇవాళ తగిలింది."

"చూసుకుని నడవాలి" అన్నాడు.

మిషనక్క ఎప్పుడూ గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు. "ఇక ఈ ఇంట్లో ఎవరూ చూసుకుని నడవరు" అంది.

మేస్త్రీ పిడికిలి బిగించాడు. మొహం మీదికి కాదు. తను అసహ్యించుకునే ఆ సంచీ మీదికే, కారు తలుపు మీద ఎంత బలం పెడతాడో అంత బలం పెట్టి గుద్దాడు.

మిషనక్క తప్పుకోలేదు.

సంచీ దెబ్బని మింగి ఊరుకోలేదు. దెబ్బ వెనకున్న బలాన్నీ, ఆ బలం వెనక ఇంకా వెయ్యబోయే దెబ్బలన్నిటినీ, ఉండలోంచి దారం లాగినట్టు బర్రున లాగేసుకుంది. మేస్త్రీ ఇల్లదిరిపోయేలా అరిచాడు. వెనక్కి తీసుకున్న చెయ్యి తడిబట్టలా వేలాడింది. ఎడంచేత్తో వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆ చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది, బొత్తాం పెట్టుకుంటుంది. పిడికిలి మాత్రం ఇక పడదు. సుత్తి ఎత్తడం దానివల్ల కాదు.

చివరికి, "మా అన్న దగ్గరికి పోతున్నా" అన్నాడు. ఆపుతుందేమోనని గుమ్మం దగ్గర నిలబడ్డాడు కూడా. ఇల్లు మిషనక్క అమ్మది. పిల్ల ఆయన పనిముట్ల సంచీ ఈడ్చుకొచ్చి గడప అవతల పెట్టి తలుపేసింది.

"దారి సాఫీ అయింది కదే" అంది పిన్ని. "ఇక ఎన్నిసార్లయినా పరుగెత్తొచ్చు. నీ మనసులో ఉన్నదే పెట్టించుకో."

మిషనక్క ఒళ్ళు కడుక్కుని, సంచీ మార్చుకుని, పిల్ల పక్కన పడుకుంది.

మర్నాడు పొద్దున్నే పిల్లని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ముక్కు సరిచేస్తుంటే పిల్ల ఆమె చెయ్యి కొరికేసింది. కట్టు కట్టించి, బయట బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరమ్మ గదిలోకి వెళ్ళింది.

"బయటి సంచీనే ఉంచెయ్యండి. కింద కుట్టెయ్యండి" అంది నిలబడే.

డాక్టరమ్మ చిట్లిన పెదవి వంక చూసింది. "పోయినసారి లోపలిదే మనసులో ఉన్నట్టుంది? మీ ఆయన ఏమంటారు?"

"ఆయన వెళ్ళిపోయాడమ్మా. ఉన్నా ఇది ఆయన్నడిగేది కాదు."

"ఇంట్లో పాయిఖానాకి ఇబ్బందేమైనా ఉందా? అందుకా?"

"నిన్నటిదాకా ఉండేది. ఇప్పుడు లేదు. లోపలిది పెట్టించుకున్నా నాకేం అడ్డం లేదు."

"మరి?"

మిషనక్క పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "ఇన్నేళ్ళలో నాకోసం అడ్డం నిలబడింది ఇదొక్కటే డాక్టరమ్మా. పొమ్మనలేను."

"కుట్టేస్తే మళ్ళీ తెరవడం..."

"ఉండదు. తెలుసు."

డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. మిషనక్క కిందికి దిగి మందుల కొట్టు దగ్గర వరుసలో నిలబడింది. ముందు నలుగురు, వెనక పదిమంది. తన వంతు రాగానే, అందరికీ వినపడేలా, "పొట్ట మీద పెట్టుకునే సంచీలు బాబూ. ఒక పెట్టె" అంది.

కొట్టతను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నల్ల కవర్లో వేసివ్వనా అమ్మా?" అన్నాడు.

"వద్దు. అలాగే ఇవ్వు."

పెట్టె చంకన పెట్టుకుని, రెండో చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని, జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయింది.