పలక విరిగిన చోట

లువియన్ భాషలో ఆ క్రియ ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, మూడు వేల ఏళ్ళు దాటిన ఒక మట్టిపలక మీద. ఆ భాష మాట్లాడినవాళ్ళు ఇప్పటి టర్కీ నేల మీద బతికి వెళ్ళిపోయారు. రోగికి పట్టిన కీడును ఒక ముసలావిడ తొలగించే తంతు ఆ పలక మీద ఉంది. ముందు ఉప్పు, చివర నీళ్ళు, మధ్యలో ఈ క్రియ. ఆ పని ఎవరు చేశారో చెప్పే మాట దగ్గరే పలక విరిగింది.

తన్మయి థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఆ క్రియే. అందులో మొదటి అక్షరం రెండుసార్లు వస్తుంది, ఆ భాషలో అలా వస్తే మళ్ళీ మళ్ళీ చేసే పని అయ్యుండాలి. ముసలావిడ రోగి చుట్టూ ఉప్పు తిప్పుతుందని ఆమె తేల్చింది. రేపు యూనివర్సిటీలో సెమినార్. ఆ అర్థం అక్కడ నిలబడితేనే అధ్యాయం నిలబడుతుంది. కానీ ఆ అర్థం పలకలోంచి వచ్చిందా, చిన్నప్పుడు దిష్టి తీస్తూ తన తల చుట్టూ తిరిగిన అమ్మమ్మ పిడికిట్లోంచి వచ్చిందా అన్న అనుమానం ఆమెను వదలడం లేదు.

తను ఉంటున్న మాసన్ లేక్స్ పేటలోనే, పక్క వీధిలో లలితకుమారి ఆంటీ ఉంటుంది. గుంటూరావిడ, రిటైరైన పిల్లల డాక్టరు. మధ్యాహ్నం తన్మయి ఆవిడ దగ్గరికి వెళ్ళి దిష్టి తీసి చూపించమంది. ఫోన్‌లో వీడియో తీసుకుంటానంది.

"ఎవరికి తీయాలి?"

"ఎవరికీ కాదాంటీ, ఊరికే. చెయ్యి ఎటు తిరుగుతుందో చూడ్డానికి."

"ఊరికే తీయకూడదమ్మా. ఎవరో ఒకళ్ళు కూర్చోవాలి."

ఇంట్లో ఇంకెవరూ లేరు. తన్మయి ఫోన్ పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది. ఆంటీ ఎండుమిరపకాయలు వద్దంది, ఉప్పు చాలంది. కిందటిసారి స్మోక్ అలారం మోగి వీధి వీధంతా బయటికొచ్చిందట.

"డాక్టరయ్యుండి ఇదేంటనుకుంటున్నావా? ఇది వేరే డిపార్ట్‌మెంట్."

ఉప్పు పట్టిన ఆంటీ పిడికిలి తల చుట్టూ తిరగడం మొదలైంది. తన్మయి పరిశోధకురాలిలా గమనించాలనుకుంది. చెవి పక్కన ఉప్పు చిన్నగా గరగరమనేసరికి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. తెరిచేసరికి పిడికిలి నోటి ముందు ఆగి ఉంది.

"ఊఁ, ఉమ్ము."

"నేనా?"

"మరి నేనా? నీ దిష్టి నువ్వే ఉమ్మాలి."

ఆమె ఉమ్మింది. ఆంటీ ఉప్పును సింకులో వేసి కుళాయి తిప్పింది.

పలక మీదా ఇదే వరుస: ఉప్పు, తర్వాత ఒక పని, తర్వాత నీళ్ళు. చిన్నప్పుడూ తను ఉమ్మే ఉంటుంది. జ్ఞాపకం మాత్రం అమ్మమ్మ చేతినే దాచుకుంది, తన నోటిని వదిలేసింది. తనకు జరిగినదే గుర్తుంది, తను చేసింది లేదు.

చెరువు పక్కన ఇంటికి నడుస్తూ ఆ క్రియకు 'రోగి ఉమ్మడం' అన్న కొత్త అర్థాన్ని పరీక్షించుకుంది. ఉమ్మడం కూడా మళ్ళీ మళ్ళీ చేసేదే, బాగానే అతుకుతుంది. పాతదీ ఇలాగే అతికింది. ఇదీ ఒక పిడికిట్లోంచే వచ్చింది. విరిగిన ముక్క దొరికేదాకా ఏదీ పలక చెప్పినట్టు కాదు.

ఇంటికొచ్చి 'తిప్పడం' మీద ఆధారపడ్డ పేజీలన్నీ తీసేసింది. వాటి చోట రాసింది: 'అర్థం తెలియదు. చేసింది రోగి కూడా కావచ్చు.' రేపు ఏమడుగుతారోనన్న భయం ఉంది. అయినా అన్నాళ్ళలో మొదటిసారి ఆ రోగి ఎవరో తెలుసుకోవాలనిపించింది.

సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. "తల బరువు తగ్గిందా?"

"చాప్టర్ తగ్గిందాంటీ," అంది తన్మయి.