హారం లేని మూడు

"హారం తీసెయ్యాల, రెండు వైపులా తీసెయ్యాల" అని పైకే గొణుక్కుంటూ కొబ్బరి కోరుతున్నాను. మా అత్త పోలమ్మ వాకిట్లో కూర్చుని వింటోందని నాకు తెలియదు. సాయంత్రం మా ఆయన నాగరాజు ఇంటికి వస్తూనే తిన్నగా ట్రంకుపెట్టె దగ్గరికి వెళ్లి తాళం లాగి చూశాడు.

"మీయమ్మ ఎట్టిన హారం ఎవలికిచ్చేత్తన్నావే?"

భిన్నంలో గీత కింద ఉండే అంకెని హారం అంటారని చెప్పాను. కాసేపు నమ్మలేదు. నమ్మాక నవ్వాడు. మర్నాటికి ఆ నవ్వు టీకొట్టు దాకా పాకి, అక్కడి మగాళ్లందరికీ నేను హారాలమ్మనయ్యాను. కోపం వచ్చింది. కానీ పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. కోపానికి కూడా తీరిక ఉండాలి.

మా ఊళ్లో అంగన్‌వాడీ టీచరు పోస్టు ఖాళీ అవుతోంది. పది ప్యాసైన ఊరి కోడలు కావాలట. నేను పదిలో లెక్కలు తప్పి, ఆ వేసవిలోనే పెళ్లయి ఈ ఉద్దానం ఊరికి వచ్చినదాన్ని. ఆ ఒక్క పరీక్ష మార్చిలో టెక్కలి వెళ్లి మళ్లీ రాయాలి. ఆ ఉద్యోగం ఎందుకూ అంటే పెద్ద కారణాలేం చెప్పలేను. నన్ను ప్రమోదినీ అని పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి కావాలి, అంతే.

పక్కింటి కోడలు వాణి బీయస్సీ చదివింది. మధ్యాహ్నాలు వాళ్ల అరుగు మీద నాకు లెక్కలు చెప్పేది. ఎక్స్‌లో సగం, ఎక్స్‌లో మూడో వంతు, వాటికి ఇంకో మూడు కలిపితే ఎక్స్. ఆ ఎక్స్ ఎంత? ఆరుతో గుణిస్తే హారాలు పోతాయి. మూడు ఎక్స్‌లు, రెండు ఎక్స్‌లు, పక్కన మూడు. అటువైపు ఆరు ఎక్స్‌లు. జవాబు మూడని రాశాను. సరిచూస్తే పొసగలేదు. ఏ లెక్క ఇచ్చినా నాది ఇదే తప్పు.

"ఆ మూడుని ఎందుకొగ్గేసినావక్కా?" అంది వాణి.

"దానికి హారం లేదు కదా. దానికేటి సెయ్యాల? అది బాగానే ఉంది."

"బాగానే ఉందని దాని వంతు ఎగ్గొడితే ఎలాగ? దాన్నీ ఆరుతో గుణించాల. అదీ లెక్కలోదే."

గుణిస్తే మూడు కాస్తా పద్దెనిమిదయింది. జవాబూ పద్దెనిమిదే. ఆ తప్పు నేను బళ్లో నేర్చుకున్నది కాదని అప్పుడు తెలిసింది. కాపురానికి వచ్చిన కొత్తలో చేపలు వండిన రోజున ఒక ముక్క నాకోసం విడిగా తీసి పెట్టుకున్నాను. అత్త చూసి, "కోడలికి వంతేటే? మిగిలిందే నీ వంతు" అంది. తిట్టలేదు, మామూలుగానే చెప్పింది. ఆవిడకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. ఆ తర్వాత ఎప్పుడు ముక్కలు కోసినా ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టి కోసేదాన్ని, నన్ను తప్ప. నాకు పులుసు మిగిలేది. ఆకలి కంటే సిగ్గే ఎక్కువ వేసేది.

పరీక్ష రేపనగా తోటలో జీడిపిక్కలు రాలడం మొదలైంది. అన్నాల దగ్గర మా ఆయన పని పంచాడు.

"తోటలో సగం అమ్మ ఏరతాది. మూడో వంతు కూలోళ్లు. మిగిలింది నువ్వేరు."

"మరి నువ్వో, బావా?"

"నాను పలాస ఎల్లాల. బేరం మాటాడాల."

"రేపు నాకు పరీక్ష."

"పిక్కలు రాలిపోతంటే పరీచ్చలేటే? రవ్వంత మిగుల్తాది. ఏరేసి ఎల్లు."

ఏరేసి వెళ్తే పరీక్ష అయిపోతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అత్త తలెత్తకుండా అన్నం కలుపుకుంటోంది. నేను మనసులోనే గుణించి, తీసేసి చూసుకున్నాను. ఈసారి తప్పు రాలేదు.

"రవ్వంత కాదు, ఆరో వంతు" అన్నాను. "నాను పొద్దుటే టెక్కలి బస్సెక్కుతాను. ఆ వంతు నీది, బావా."