అది దయ్యాల లిపి కాదు

నేను గీసిన మొదటి భూతం కాళ్ళ దగ్గర మా నాన్న దుకాణం పేరు ఉంది.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మా ఇంట్లో పని పూర్తయిందనడానికి అదే గుర్తు. కిరాణా కొట్టు బోర్డయినా, పంక్చర్ షాపు రేకయినా, మంత్రిగారి స్వాగత ద్వారమయినా, కింద కుడి మూలన 'బడే ఆర్ట్స్, గుణదల' అని రాశాకే బ్రష్షు కిరసనాయిల్లో ముంచుతాం. మా నాన్న బడే మియా ముప్పయ్యేళ్ళు అలాగే చేశాడు. నేను ముందు ఆయన నిచ్చెన పట్టుకున్నాను, తర్వాత నిచ్చెన ఎక్కాను. బొమ్మలు నాకెవరూ కాలేజీలో నేర్పలేదు. తెలుగు చదవడం రాకముందే నాకు రాయడం వచ్చు. తలకట్టు ఎక్కడ లావుగా మొదలై ఎక్కడ సన్నబడాలో చెయ్యికి తెలిసిన ఏడాదికి గానీ అది ఏ అక్షరమో తెలియలేదు.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. 2008లో గుణదల తిరునాళ్ళకి ఒక్క కొట్టు కూడా చేత్తో రాసిన బోర్డు అడగలేదు.

కొత్త పని చూపించింది కిరీటి గారు. మా వీధి చివర నెట్ సెంటర్ ఆయనదే.

"సనోబర్ గారూ, దయ్యాల్ని గీయగలరా?"

"ఎలక్షన్లకి అన్ని పార్టీల మొహాలూ గీశానండీ. దయ్యాలొక లెక్కా?"

కెనడాలో ఒక పబ్లిషరు. పాతకాలపు పద్ధతిలో ఆటల పుస్తకాలు వేస్తాడు. కంప్యూటర్ ఆటలు కావు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు: మీరు నేలమాళిగలోకి దిగారు, చీకట్లో ఏదో కదిలింది, ఏం చేస్తారు? మిగతావాళ్ళు తమ మనిషి ఏం చేస్తాడో చెప్పి పాచికలు వేస్తారు. పాచిక ఎదురు తిరిగితే ఆ మనిషి చచ్చినట్టే. వీరుడని ప్రత్యేక మర్యాదలేమీ ఉండవు. ఆ సంగతి నాకు భలే నచ్చింది. ఆ పుస్తకాలకి నల్ల సిరా బొమ్మలు కావాలి. నున్నగా, అందంగా ఉండకూడదు. చూస్తే కడుపులో దేవాలి.

నాకు తెలిసినవే గీశాను. వీపు మీద ఇబ్రహీంపట్నం థర్మల్ పొగగొట్టాలు మొలిచిన పీత. గుర్రపుడెక్క ఆకులు కప్పుకుని కాలవలో పడుకున్న ముసలిది. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే చక్రాలే చేతులుగా ఉన్న మనిషి. పదకొండు బొమ్మలు. పదకొండింటికీ కుడి మూలన మా దుకాణం పేరు. అలవాటు. పంపేశాను. ఎవరూ వద్దనలేదు.

ఎందుకు వద్దనలేదో పుస్తకం వచ్చిన నాలుగు నెలలకి తెలిసింది. నా ఇంగ్లీషు అంతంత మాత్రం కాబట్టి మెయిల్ కిరీటి గారే చదివి చెప్పాడు.

"ఈసారి కవర్ మీకే ఇస్తున్నాడండీ! కవరంటే మాటలా, ఆ పుస్తకాలేసే వాళ్ళందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. అయితే..."

"అయితే?"

"బొమ్మల కింద మీరు కనిపెట్టిన దయ్యాల లిపి అద్భుతమంట. ఆటగాళ్ళకి పిచ్చెక్కిపోతోందంట. కవర్ మీద నరకద్వారం గీసి, దాని నిండా అదే లిపి రాయమంటున్నాడు."

ఆటగాళ్ళు కూడే వెబ్‌సైట్ తెరిచి చూపించాడు. అది రక్తంతో చదవాల్సిన మంత్రమని ఒకడు రాశాడు. కాదు, చచ్చిన దేవుడి పేరని ఇంకొకడు. మరొకడికి మా 'ఆర్ట్స్'లో ట వత్తు పాము పిల్ల అట. వాడొక పేజీ వ్యాసమే రాశాడు. నాకు నవ్వొచ్చింది. కాసేపే.

అది తెలుగని, మా దుకాణం పేరని, అదే రోజు జవాబు కొట్టించాను. తెల్లారేసరికి తిరుగు జవాబు వచ్చింది. అదేంటన్నది ముఖ్యం కాదట. ఎవరికీ చెప్పొద్దట. మర్మం ఉంటేనే పుస్తకం అమ్ముడవుతుందట. ద్వారం మీద ఏదో ఒకటి రాసేస్తే చాలట.

"రాసేయండి సనోబర్ గారూ," అన్నాడు కిరీటి గారు. "మా నెట్ సెంటర్ అడ్రస్ రాసినా నాకేం అభ్యంతరం లేదు. ఎవడు చదువుతాడు అక్కడ?"

"ఆ మాటకే నాకు మంటండీ. ఎవడు చదువుతాడని."

పక్కింటి రావమ్మ గారు టిఫిన్ బండి నడుపుతుంది. బండి మీద 'రావమ్మ టిఫిన్స్' అని పసుపు మీద ఎర్రగా రాసింది నేనే. పొద్దున్న ఆవిడ ముందు ఇదంతా వెళ్ళగక్కాను. ఆవిడ అట్లకాడ చేత్తో పట్టుకుని బోర్డు వైపు తిరిగి చూసింది.

"ఏంటమ్మా, ఈ అక్షరాలేనా? అంటే ఇన్నాళ్ళూ నేను ఇడ్లీలు నరకంలో అమ్ముతున్నానా?"

బండి దగ్గర తింటున్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. ఈ చేత్తో రాసినవి ఎవరి పేర్లు? దర్జీ పేరు, గొడుగులు బాగుచేసేవాడి పేరు, కొడుకు పోతే ఒంటరిగా కొట్టు తెరిచిన సువార్తమ్మ గారి పేరు. ఒక్కొక్కరూ రోడ్డు మీద నిలబడి తమ పేరు మెరవడం చూసుకున్నవాళ్ళే. ఆ పేర్లు రాసిన అక్షరాలు తీసుకెళ్ళి దయ్యం నోట్లో పెట్టమంటాడా ఆ పబ్లిషరు? మనుషులు చదువుతారని తెలిశాక కూడానా?

కవర్ గీశాను. వాడు అడిగిన నరకద్వారమే, పెద్ద షీటు మీద. ద్వారం నిండా లిపి రాశాను, కానీ అది నేను కొత్తగా పుట్టించింది: ఎలుక పళ్ళు కొరికిన గాట్లలా ఉంటుంది, లోకంలో ఎవరిదీ కాదు. ద్వారం ముందు, కింద కుడి మూలన, ఒక చిన్న కొట్టు పెట్టాను. లోపలికి దిగబోయే మనుషుల కోసం. దాని మీద బోర్డు: 'తాళ్ళు, లాంతర్లు, కట్టుగుడ్డలు దొరుకును. దిగేముందే కొనండి.' కొట్టు ముందు ఒక ముసలామె కూర్చుంది. బోర్డు కింద మా పేరు. తెలుగు ఉంది, మనుషుల వైపు ఉంది.

కిరీటి గారి స్కానర్ చిన్నది. పెద్ద షీటైతే నాలుగు ముక్కలుగా స్కాన్ చేసి పంపుతాం, అక్కడ వాడు అతికించుకుంటాడు. మూడు ముక్కలు పంపాను. నాలుగోది, కొట్టు ఉన్నది, ఆపాను. దాని బదులు ఒక మెయిల్: ఆ మూలన ఒక కొట్టు ఉంది, దాని బోర్డు తెలుగు, కోట్ల మంది చదువుతారు, బోర్డు మీద ఏముందో పుస్తకం లోపల అచ్చు వేస్తానని రాసిస్తే ఆ ముక్క వస్తుంది.

వాడి జవాబు రెండు వాక్యాలు. కొట్టు తీసేయ్. ఆ మూల నల్లగా పూసి, ద్వారం మీద పాత లిపే రాయి.

"ఇప్పుడేం చేద్దామండీ?" అన్నాడు కిరీటి గారు.

"ఆ వెబ్‌సైట్ తెరవండి. నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో కొట్టండి. పేరు సనోబర్. ఊరు విజయవాడ. పదకొండు బొమ్మల కింద ఉన్నది మంత్రం కాదు. మా నాన్న దుకాణం పేరు. కావాలంటే చదవడం నేర్పుతాను."

కొట్టాడు. కొట్టి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది నొక్కితే కవర్ పోతుందండీ. ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో. ఒక్కసారి ఆలోచించండి."

"ఆలోచించే చెప్పాను."

ఆయన కదలలేదు. మౌస్ నేనే లాక్కుని నొక్కాను.

కవర్ పోయింది. వేరే ఎవరో గీశారు. నున్నగా, వెలుతురుగా, వీరుడి కండలు మెరిసిపోతూ. వెబ్‌సైట్‌లో కొందరు నన్ను తిట్టారు, మర్మం చెడగొట్టానని. పాము పిల్ల వ్యాసం రాసినవాడికి కోపం ఇంకా తగ్గలేదు. బాధపడ్డానా అంటే పడ్డాను. వారం రోజులు సిరా సీసా మూత తియ్యలేదు. కానీ వెబ్‌సైట్‌లో పెట్టింది వెనక్కి తీసుకోవాలని మాత్రం ఒక్క పూట కూడా అనిపించలేదు.

ఎనిమిదో రోజు ఒకతను రాశాడు. ఇంట్లోనే ముప్పై రెండు పేజీల పుస్తకాలు అచ్చువేసి పిన్నులు కొట్టి పంచుతాడట. పేరున్నవాడేం కాదు. నరకద్వారం ముందు కొట్టు పెట్టుకున్న ముసలామె ఎవరు, ఆమె దగ్గర ఇంకేం దొరుకుతాయి, ఆమె మీదే ఒక పుస్తకం చేద్దామా అని అడిగాడు. ఆ నాలుగో ముక్కని వెబ్‌సైట్‌లో నేనే పెట్టాను లెండి. ఆగుతానా?

ఎంతిస్తావని అడగకముందే అడిగాను: కొట్టు బోర్డు తెలుగులో ఉంటుంది, అర్థం లోపల అచ్చు వేస్తావా? వేస్తానన్నాడు. ఎలా పలకాలో కూడా రాసి పంపమన్నాడు.

ముసలామె కొట్టు బోర్డు మళ్ళీ పెన్సిల్‌తో గీస్తుంటే మా నాన్న వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు.

"బేటీ, అక్షరం చిన్నదైపోయింది. పెంచు."

"ఇది పుస్తకం అబ్బాజాన్. చేత్తో పట్టుకుని చదువుతారు."

"అయితే ఏంటి? రోడ్డుకి అవతలి పక్క నుంచి కనపడాల."

రబ్బరు తీసుకుని మొత్తం చెరిపేశాను. పెద్దగా రాయడం మొదలుపెట్టాను.