మూడు తెల్ల పట్టీలు

పొగమంచులోంచి ఆ బొమ్మ తేటగా వచ్చిన పొద్దున ఫేబీ ఆనందంతో ఎగిరి గంతేసింది. నాలుగేళ్లు పడ్డ పాట్లు మరి!

సూళ్లూరుపేట అవతల, పులికాట్ గట్టు మీద, ఒక కాలేజీ వాళ్ల రేకుల షెడ్డు. అందులో లేజర్. అరకిలోమీటరు దూరాన పడవలో నిలబెట్టిన నల్ల బోర్డు మీదకు అది చుక్కలు చుక్కలుగా వెలుగు చల్లుతుంది, ఒక్కోసారి ఒక్కో తీరుగా. తిరిగొచ్చే వెలుగును పట్టే పరికరానికి బొమ్మ తీయడం చేతకాదు. ఎంత వెలుగొచ్చిందో అంతే చెబుతుంది. చల్లిన తీరునూ, తిరిగొచ్చిన వెలుగునూ వేలసార్లు జతచేసి చూస్తే బొమ్మ తేలుతుంది. గోస్ట్ ఇమేజింగ్ అంటారు. పడవ నడిపే హజరత్తయ్యకు మాత్రం అది దెయ్యం ఫోటో.

ఇన్నాళ్లూ ఆ బొమ్మ పిండి చల్లినట్టు ఉండేది. సుశీల్ కుమార్ కొత్త ప్రోగ్రాం ఎక్కించాడు, అంతే, బోర్డు మీది మూడు తెల్ల పట్టీలూ స్పష్టంగా కనపడ్డాయి. సుశీల్ ఆమెకు సీనియర్. దగ్గరుండి పని నేర్పినవాడు, ఆమె నోరారా అన్నా అని పిలిచే మనిషి. సోమవారం మత్స్యశాఖ ఆఫీసర్లు వచ్చి సరేనంటే ఈ యంత్రాన్ని రేవులో పెడతారు. మంచు పట్టిన పొద్దుల్లో ఎదురుగా పడవ ఉందో లేదో అది చెబితేనే జనం బయలుదేరతారు. ఐదేళ్ల కిందట చలికాలం మంచులో రెండు పడవలు గుద్దుకుని ఫేబీ తమ్ముడు బెన్హర్ కాలు నుజ్జయింది. ఆమె పట్టుదలంతా అందుకే.

"తాతా, నిన్న బోర్డు భలే నిలబెట్టినావు" అంది మర్నాడు టీ బంకు దగ్గర.

హజరత్తయ్య బుర్ర గోక్కున్నాడు. "కోప్పడొద్దు పాపా. బోర్డు యాడుండాది? గాలికి తాడు తెగి నీళ్లలో పడిపోయింది. మీ ఫోను కలవలా. ఖాళీగా ఎందుకులే అని నా మనవరాలి గొడుగు తెరిచి కట్టినా. బోర్డు సాయంత్రం దొరికిందిలే."

ఫేబీకి మొదట నవ్వొచ్చింది. మరి నిన్న కనపడ్డ పట్టీలు ఎక్కడివి? షెడ్డుకు పరుగెత్తి, నిన్నటి కొలతలనే పాత ప్రోగ్రాంకి ఇచ్చింది. మసక మసగ్గా గుండ్రటి ఆకారం, కింద వంకీ. గొడుగే! కొత్త ప్రోగ్రాంకి పాఠం చెప్పిన ఫోటోలు తెరిచి చూస్తే వేలకు వేలు, అన్నీ ఆ బోర్డువే. పాపం, దానికి లోకంలో తెలిసింది అదొక్కటే. ఎదురుగా ఏమున్నా అదే గీస్తుంది.

"ఎందుకన్నా ఇట్ట చేసినావు?"

సుశీల్ ఫోనులోంచి తల కూడా ఎత్తలేదు. "బొమ్మ బాగుండాలన్నారు, బాగుచేసినా. సోమవారం గడవనీమ్మా, తర్వాత చూద్దాం."

"ఈలోగా ఎదురుగా పడవొస్తే?"

"అబ్బ! నీ తమ్ముడి కాలు కథ ఇంకెన్నాళ్లు చెప్తావు?"

చెంప మీద కొట్టినా అంత నొచ్చేది కాదు. ఆ కథను ఈ యంత్రానికి డబ్బులడుగుతూ పెట్టిన దరఖాస్తు మొదటి పేజీలో చదివినవాళ్లకు కన్నీళ్లొచ్చేలా రాసింది ఆయనే!

సోమవారం ఆఫీసర్ల ముందు ఆయనే నిజం చెప్పేస్తాడని ఆఖరి నిమిషం దాకా ఎదురుచూసింది, పిచ్చిది. ఎందుకు చెబుతాడు? మూడు పట్టీలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇక ఆగలేక ఫేబీ పడవలో ఉన్న హజరత్తయ్యకు వీడియో కాల్ కలిపింది.

"తాతా, బోర్డు తీసెయ్."

"తీసేసినా పాపా. ఇదిగో, నా కాళ్ల కింద ఉండాది."

ఫోను ఆఫీసర్లకు చూపించి, లేజర్ మళ్లీ నడిపించింది. ఉత్త పడవ మీద మళ్లీ అవే మూడు పట్టీలు. పెద్దాఫీసరు అడిగాడు: "ఈ ప్రోగ్రాం ఎవరు రాశారు?"

సుశీల్ తెర మీద ప్రోగ్రాం మొదటి వరుస తెరిచాడు. రాసినవారు ఫేబీ అని ఉంది. ఆ వరుసను ఆమె ఎన్నడూ చూడలేదు.

"సొంత చెల్లెలి మాదిరి నమ్మినాను సార్" అన్నాడు సుశీల్, జాలిగా ఆమె కేసి చూస్తూ. "ఇట్ట చేస్తుందనుకోలా."