కేబుల్ ప్రసన్న, డిష్ ప్రసన్న

నాకు మాట్లాడటం పెద్దగా అలవాటు లేదు. టాటానగర్ ఫ్యాక్టరీలో ఖలాసీగా చేశాను. బరువులకు గొలుసు కట్టి, పైన కేబిన్లో కూర్చున్న క్రేను ఆపరేటరుకి కింద నుంచి చేతులతో చెప్పడం నా పని. ఆ మోతలో నోటితో చెప్పినా వినబడదు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. కిందికి చూపి తిప్పితే దించమని. అరచెయ్యి పరిచి అడ్డంగా ఊపితే ఆపమని. ఇంటికి వచ్చాక కూడా నా నోటికి పని ఉండేది కాదు. మా ఇంట్లో మాటలన్నీ నా భార్య సింహాచలమ్మవే.

అవి కూడా నాతో కాదు, ఎదురింటి త్రేసమ్మతో. భుయ్యాడీహ్‌లో మా గల్లీ ఒక ఆటో పట్టేంత ఉంటుంది. ఇటు మా గుమ్మం, అటు వాళ్ల గుమ్మం. త్రేసమ్మ భర్త రత్నకుమార్, నేను కింద నిలబడి చెయ్యి ఊపితే పైన క్రేను నడిపినవాడు. వాళ్లు చర్చికి పోతారు, మేము పైడితల్లికి మొక్కుకుంటాం. అయినా ఆడవాళ్లిద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటారు, మేమిద్దరం బావా అనుకుంటాం.

రోజూ సాయంత్రం ప్రసన్న సీరియల్ వేళకి త్రేసమ్మ తన ప్లాస్టిక్ కుర్చీ తానే మోసుకుని మా ఇంటికి వచ్చేది. ప్రసన్న అంటే అందులో కోడలు. అత్త పెట్టే బాధలన్నీ పడుతుంది. మా వాళ్లిద్దరూ ఆ సీరియల్ మొదలైన రోజు నుంచి చూస్తున్నారు. సింహాచలమ్మ అత్తని తిడుతుంది. త్రేసమ్మ అత్త కోసం ప్రార్థన చేస్తుంది. ఒకరు తిట్టి, ఒకరు ప్రార్థన చేసి, ఆ తర్వాత ఇద్దరూ కలిసి టీ తాగుతారు. నేను గుమ్మంలో కూర్చుని బీడీ కాల్చుకుంటాను. మా రోజులు అలా బాగానే పోతుండేవి.

త్రేసమ్మ కొడుకు ప్రభుకిరణ్ ఊళ్లోనే బారిడీహ్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. అమ్మానాన్నల్ని అక్కడికి తీసుకుపోతానన్నాడు. ఇక్కడి ఇల్లు ఎవరికో అద్దెకిస్తాడట. ఆ కబురు తెలిసిన వారంలోనే టీవీలో ప్రసన్న కూడా మారిపోయింది.

ఆ రోజు సీరియల్ మొదలైంది. ప్రసన్న మంచం మీద ఎవరో అమ్మాయి కూర్చుని ఉంది. ప్రసన్న చీరే కట్టుకుంది. మొహం వేరు.

"ఎవుతిది? పెసన్న మంచం మీద కూకుందేటి?" అంది సింహాచలమ్మ.

త్రేసమ్మ బైబిలు చదివే మనిషి, అక్షరాలు పోల్చుకుంటుంది. కింద పోతున్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇదే ప్రసన్న అంట వదినా. పాత పిల్ల మానేసిందంట. ఇక నుంచి ఈ పిల్లే వేస్తాదంట."

"కింద రాసేత్తే అయిపోతాదేటి? పెసన్నకి గడ్డం మీద పుట్టుమచ్చుంటాది. దీనికేదీ?"

"రెండ్రోజులు చూడు వదినా, అలవాటైపోద్ది. ఎవరైనా అలవాటైపోతారు."

సింహాచలమ్మ టీవీ వైపు నుంచి తల తిప్పింది. "అవునమ్మా. నీకు అలవాటైపోద్ది. కొత్త ఇల్లు, కొత్త పొరుగు. రేపు మీ ఇంటిలోకి ఎవులొచ్చి దిగినా నాను ఒదినా అనుకోవాల, కింద రాసేత్తారు కావాల."

"నేను టీవీ మాట చెప్తే నువ్వు ఇంటి మాట తీస్తావేంటి?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి మరి."

త్రేసమ్మ లేచింది. టీ సగమే తాగింది. కుర్చీ మడతపడేది కాదు, దాన్ని ఎత్తి పట్టుకుని గల్లీ దాటి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

అప్పటి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. సింహాచలమ్మకి సీరియల్ చూడటం సగం, దాని గురించి మాట్లాడటం సగం. రెండో సగానికి ఇంట్లో నేను తప్ప దిక్కులేదు. నన్ను లోపలికి పిలిచి, టీవీ ముందు కూర్చోబెట్టింది.

"నీకేటనిపిత్తంది?" అని అడిగింది.

"బాగుంది" అన్నాను.

"ఏటి బాగుంది? ముసలాయనకి గుండె నొప్పొచ్చి మెట్ల మీద పడిపోతే బాగుందంటావేటి?"

మర్నాడు జాగ్రత్తపడి బాగోలేదన్నాను. ఆ రోజు ఆ ముసలాయన బతికాడు. దానికీ తిట్టింది.

అటు త్రేసమ్మ తన ఇంట్లో తన టీవీలో చూసేది. ఇద్దరూ తలుపులు బార్లా తీసి, మోత పెంచి పెట్టేవారు. మాది డిష్, వాళ్లది కేబుల్. వాళ్లింట్లో బొమ్మ ఒక ఊపిరి ముందు వచ్చేది. కేబుల్ ప్రసన్న ముందు ఏడిస్తే, డిష్ ప్రసన్న వెనక ఏడ్చేది. అటు నుంచి త్రేసమ్మ "అయ్యో ప్రభువా" అంటే, మా ఇంట్లో ఏదో జరగబోతోందని సింహాచలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిద్ధంగా కూర్చునేది.

ఒకరోజు ప్రకటనలు వస్తుంటే బీడీ కోసం గుమ్మంలోకి వచ్చాను. ఎదురు గుమ్మంలో రత్నకుమార్ నిలబడి ఉన్నాడు. అతని మొహం చూస్తే అతన్నీ లోపల కూర్చోబెట్టి అభిప్రాయాలు అడుగుతున్నారని తెలిసిపోయింది.

లోపల నుంచి సింహాచలమ్మ మెల్లగా అంది. "ఆ కొత్త పిల్ల ఏడుపు గురించి అదేటంటందో కనుక్కో. నానడగమన్నానని సెప్పకు."

గల్లీలో కేకేసి అడిగే సంగతి కాదు. నేను తల ఎగరేసి, లోపలి టీవీ వైపు వేలు చూపించాను. రత్నకుమార్ వెనక్కి వంగి భార్యని ఏదో అడిగాడు. ఆ తర్వాత చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పాడు. దించెయ్.

"బాగోలేదంట" అని చెప్పాను.

సింహాచలమ్మ మొహం విప్పారింది. "మరి! ఎవరైనా అలవాటైపోతారన్నాది కదా. దానికీ నచ్చలేదు."

ఆ రోజు నుంచి అదే పని. ప్రకటనలు రాగానే నేనూ రత్నకుమారూ గుమ్మాల్లోకి వచ్చేవాళ్లం. అత్త దొంగ కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ఇటు నుంచి దించెయ్, అటు నుంచి దించెయ్. మరిది కొత్త ప్రసన్నని చూసి కళ్లు తిప్పితే ఆపు, ఆపు. మొగుడు మొదటిసారి తల్లికి ఎదురు చెప్పిన రోజున ఇద్దరం వేళ్లు పైకెత్తి తిప్పాం. చిన్నప్పుడు మూడు తరగతులు చదివి వదిలేశాను. ఆ మూడింటిలో కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

ఒకసారి సింహాచలమ్మ ఆ కొత్త పిల్ల చీర మరీ పలచగా ఉందని చెప్పమంది. పలచన అనడానికి మా దగ్గర సైగ లేదు. ఏదో చేతులు ఊపాను. రత్నకుమార్ ఏదో అర్థం చేసుకుని లోపలికి చెప్పాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర రత్నకుమార్ అన్నాడు. "బావా, నిజం చెప్పేస్తున్నా. నేను ఊపినదాంట్లో సగం మా ఆవిడ చెప్పింది కాదు."

"నాదీ అంతే" అన్నాను.

"మీ ఆవిడ ఏమంటాది అసలు?"

"మీ ఆవిడే ముందు మాటాడాలంటాది."

"మా ఆవిడా అదే అంటాది. మీ ఆవిడే ముందు మాట అన్నది కాబట్టి మీ ఆవిడే ముందు రావాలంట." గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరూ ఎత్తమంటారు, గొలుసెవరూ కట్టరు. శనివారం పొద్దున్న సామాను బండొస్తాది బావా. ఇలాగే వెళ్లిపోతే మా ఆవిడ మళ్లీ ఈ గల్లీ మొహం చూడదు. నాకు తెలుసు దాని సంగతి."

నాకు సింహాచలమ్మ సంగతీ తెలుసు. భుయ్యాడీహ్ నుంచి బారిడీహ్ ఎంత దూరం, ఆటో ఎక్కితే దిగేంత. కానీ పలకరింపు లేని ఇంటికి ఏ ఆటో పోదు. ఇంటికొచ్చి చెప్పి చూశాను.

"ఒకసారి ఎల్లి పలకరించకూడదా."

"నీకు మాటలొచ్చేయేటి" అంది. అంతటితో అయిపోయింది.

ప్రసన్న సీరియల్ కూడా ఆ శుక్రవారంతోనే ముగుస్తుందని టీవీలో రెండు రోజుల ముందు నుంచి చెబుతున్నారు. సింహాచలమ్మ పెందలాడే వంట ముగించి కూర్చుంది. గల్లీకి అటువైపు అట్టపెట్టెలు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి. టీవీ మాత్రం ఇంకా కట్టలేదు.

ముగింపు ఎలా ఉందంటే, అంతవరకూ విషం పెట్టిన అత్త ఒక్క దండం పెట్టి మారిపోయింది. మరిది జైలుకి పోయాడు. ముసలాయన కర్ర పక్కన పారేసి నడిచాడు. అందరూ పట్టుబట్టలు కట్టుకుని ఫొటోకి నిలబడ్డారు. కొత్త ప్రసన్న మధ్యలో నిలబడి నవ్వింది. అటు కేబుల్లో ముందు సన్నాయి మోగింది. తర్వాత మా డిష్‌లోనూ మోగింది. శుభం పడింది.

సింహాచలమ్మ కదల్లేదు. ఏడుస్తుందేమో అనుకున్నాను.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

"మరి గుంటడేడీ?"

"ఏ గుంటడు?"

ఆమె నన్ను చూసిన చూపు నేను పెళ్లయిన కొత్తలో చూశాను, మళ్లీ ఇప్పుడు చూశాను. "పెసన్న పెద్ద కొడుకు. జాతరలో తప్పిపోనాడు కాదేటి. ఆడి కోసం అది మూడ్నెల్లు అన్నం మానీసింది. ఆడు దొరకనేలేదు. ఆడు లేకండా ఫొటో ఎలగ తీయించుకున్నారు?"

నాకు లీలగా గుర్తొచ్చింది. ఎప్పటి మాటో. పాత ప్రసన్న ఉన్నప్పటి మాట. సీరియల్ తీసినవాళ్లే వాడిని మరిచిపోయారు.

"దాన్నడుగు" అంది సింహాచలమ్మ. "దానికి గుర్తుంటాది. గుంటడేడని అడుగు."

గుమ్మంలోకి వచ్చాను. రత్నకుమార్ అప్పటికే తన గుమ్మంలో ఉన్నాడు. చెయ్యి సగం ఎత్తి, అక్కడే ఆపి ఉంచాడు. నేనూ చెయ్యెత్తాను. ఎత్తాక తెలిసింది, పిల్లాడు అనడానికి సైగ లేదు. తప్పిపోయాడనడానికీ లేదు. మా ఉద్యోగంలో ఎప్పుడూ దేన్నీ ఎక్కడుందని అడగలేదు, కట్టి ఎత్తడమే. ఇద్దరం ముసలాళ్లం గల్లీకి చెరోవైపు చేతులెత్తి నిలబడిపోయాం. దారిన పోయే కుర్రాడు సైకిల్ నెమ్మది చేసి మమ్మల్ని చూసి పోయాడు.

సింహాచలమ్మ నన్ను భుజంతో పక్కకి తోసి బయటికి వచ్చింది.

"ఒదినా, గుంటడేడే?"

అటు రత్నకుమార్ చంక కింద నుంచి త్రేసమ్మ తల బయటికి వచ్చింది. "అదే నేనూ ఈయన్ని అడుగుతున్నా వదినా. ఈయనకి ఏ పిల్లాడో కూడా తెలీదు."

"మాయాయనకీ తెలీదు."

"ఎర్ర చొక్కా వేసుకుని, బుడగ పట్టుకుని ఉన్నాడు కాదూ?"

"బుడగొగ్గేత్తే అది పైకెల్లిపోనాది. నువ్వు ఆ రోజు ఏడ్సీసి నా పమిట తడిపీసినావు."

"నువ్వు ఏడవలేదేంటి? నాకు టీ ఇవ్వడం మరిచిపోయావు."

ఇద్దరూ గల్లీ మధ్యలోకి వచ్చేశారు. కథ రాసినవాణ్ణి చెరోవైపు నుంచి కడిగేశారు. సింహాచలమ్మ వాడికి పిల్లలున్నారో లేదో అంది. త్రేసమ్మ ఈ ఒక్కడి కోసం మాత్రం ప్రార్థన చెయ్యనంది. ఒక ఆటో వచ్చి హారన్ కొట్టింది. ఇద్దరూ మా గుమ్మం మెట్టు మీదికి జరిగి కూర్చున్నారు.

అట్టపెట్టెలు కట్టడానికి వచ్చిన ప్రభుకిరణ్ తల్లిని చూసి, "మమ్మీ, ఛోడో నా. సీరియల్ హీ తో హై" అన్నాడు, వదిలెయ్, ఉత్త సీరియలే కదా అని.

"నువ్వు ఊరుకోరా. పిల్లాడు పోయాడిక్కడ" అంది త్రేసమ్మ.

సింహాచలమ్మ కొంగు అంచు మడత పెట్టి విప్పి, మళ్లీ మడత పెట్టింది.

"నువ్వెల్లిపోతే ఆ గుంటడి మాట నానెవుల్తో అనుకోవాల ఒదినా? ఆ ఇంటిలోకి ఎవులొచ్చినా ఆడు తెలీదు కదా ఆలకి."

"నాకు మాత్రం ఎవరున్నారు? ఆ బిల్డింగులో అందరూ హిందీవి చూస్తారంట." త్రేసమ్మ ముక్కు తుడుచుకుంది. "అలవాటైపోద్దని ఊరికే అన్నాను వదినా. నాకేం అవలేదు. ఆ పిల్ల ఏడిస్తే నాకు కన్నీళ్లే రాలేదు."

"నాకు రెండుసార్లొచ్చేయి" అంది సింహాచలమ్మ. "సెప్పకూడదనుకున్నాను."

మర్నాడు పొద్దున్నే సామాను బండి వచ్చింది. నేనూ రత్నకుమారూ ఇనుప బీరువాకి తాడు కట్టి ఎక్కించాం. ఆడవాళ్లు సాయం చెయ్యలేదు. పిల్లాడు ఏ ఊళ్లో పెరిగి ఉంటాడన్న దగ్గర ఉన్నారు. త్రేసమ్మ వాళ్లు ఆటో ఎక్కారు. సింహాచలమ్మ కూడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికి?" అన్నాను.

"కొత్తింటిలో పాలు పొంగించొద్దేటి?"

"మాకు పాస్టరుగారొచ్చి ప్రార్థన పెడతారు వదినా" అంది త్రేసమ్మ.

"పెట్టించుకో. పొయ్యి దగ్గర ఆయనకేటి పని? పాలు నాను పొంగిత్తాను." నా వైపు తిరిగి, "అన్నం వండుకో. సాయంత్రం వచ్చి తీసుకెల్లు" అంది.

సాయంత్రం స్కూటర్ మీద బారిడీహ్ వెళ్లాను. మెట్ల దగ్గర నుంచే వాళ్ల గొంతులు వినబడ్డాయి. ఇద్దరికీ ఇంకా తెగలేదు. పిల్లాడు పెద్దింటివాళ్లకి దొరికాడని త్రేసమ్మ. దొరికితే ఇన్నాళ్లూ టీవీలో చూపించరా అని సింహాచలమ్మ. చీకటి పడుతోందని నేను నిలబడితే లేచింది. మళ్లీ మంగళవారం వస్తానని చెప్పి వెనక ఎక్కింది.

దారి పొడుగునా అదే మాట. జాతరలో తప్పిపోయినవాడు ఎటుపోయాడు, ఎవరు తీసుకుపోయారు. నేను వింటూ బండి నడుపుతున్నాను. నాకూ పొద్దున్న నుంచి ఒకటి తోస్తోంది. ఒంటరిగా అన్నం వండుకుంటుంటే తోచింది. చెప్పాలా వద్దా అని కాస్త దూరం వచ్చాక అన్నాను.

"ఆడు రైలెక్కేసుంటాడు. జాతరకి వచ్చినోళ్లతో ఎక్కేసి, టాటానగర్‌లో దిగుంటాడు. మనూర్లోనే ఎవులో తెలుగోల్లింట్లో పెరుగుతన్నాడేమో."

వీపు మీద గట్టిగా ఒకటి పడింది.

"ముందే సెప్పొచ్చు కాదేటి మనిషీ. బండి తిప్పు."

"ఇప్పుడా?"

"తిప్పమంటన్నాను కాదా. అది పడుకుండిపోద్ది."

బండి తిప్పాను.