సారె తన్నే కాలు

మోకాలి లిగమెంట్‌కు ఆపరేషనై తొమ్మిది నెలలు దాటింది. మూడోసారి కూడా మిషన్ డెబ్బై ఏడే చూపించింది. ఆ అంకె చూడగానే సాసీకి నీరసం ముంచుకొచ్చింది.

ఆ మిషన్ కుర్చీలో కూర్చోబెట్టి, తొడకు పట్టీ బిగించి, కాలు ముందుకు తన్నమంటారు. ఏ తొడలో ఎంత బలముందో అది చెబుతుంది. కోత పడ్డ ఎడమ కాలికి, బాగున్న కుడి కాలి బలంలో నూటికి తొంభై వంతులైనా ఉండాలి. అప్పుడే ఫిజియో ఒల్ఫా కాగితం మీద సంతకం పెడుతుంది. సంతకం ఉంటేనే గెల్లాలా ఊరి హ్యాండ్‌బాల్ జట్టులో సాసీ పేరు ఎక్కుతుంది. పేర్లివ్వడానికి గడువు శనివారం, ఇవాళ గురువారం. ఇరవై తొమ్మిదేళ్ళు నిండినవాడు ఈ ఏడూ గోడకానుకుని చూస్తూ కూర్చుంటే వచ్చే ఏడు ఎవరు పిలుస్తారు?

పాపం, కష్టపడలేదా అంటే ఒళ్ళు హూనం చేసుకున్నాడు. పొద్దున్నే ఎడమ కాలికి ఇసుక మూట కట్టుకుని లేపాడు, ఒంటికాలి మీద మెట్లెక్కాడు. తొడ కండ తిరిగింది. అయినా ఏం లాభం? ఎడమ కాలు ఒక మెట్టెక్కితే కుడి కాలు రెండెక్కి కూర్చునేది. ఈ కాలు ఇక నాది కాదేమోనన్న భయం నెల రోజులుగా అతన్ని తినేస్తోంది.

ఒల్ఫా ట్యూనిస్ నగరం నుంచి గెల్లాలా ఉన్న ఈ దీవికొచ్చి ఏడాది కాలేదు. మంచిదే, కానీ నిక్కచ్చి మనిషి. కళ్ళజోడు పైకి నెట్టి అతని వంక అనుమానంగా చూసింది.

"నిజం చెప్పు సాసీ. నేను వద్దన్నా ఇంట్లో కుడి కాలికి కసరత్తు చేస్తున్నావు కదూ?"

"మా అమ్మతోడు మేడమ్, చెయ్యట్లేదు."

"ఒంటికాలి గెంతులో ఎడమ కాలు కుడిదానికి జానెడే తగ్గింది. ఇక్కడికొచ్చేసరికి ఇంత తేడా! రోజంతా ఏం చేస్తావు నువ్వు?"

"ఏముంది మేడమ్, కూర్చుంటా."

తలుపు దగ్గర బల్ల మీద, నీళ్ళ కూజా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలి యాహ్యా ఒక్కసారి లేచాడు. కొడుకుని ఇన్ని నెలలుగా తిప్పుతున్న ఆ డాక్టరమ్మెవరో చూద్దామని, ఉత్త చేతుల్తో వెళ్ళకూడదని సొంతంగా చేసిన కూజా పట్టుకుని వచ్చాడాయన.

"కూర్చుంటాడా? ఓరి వెధవా, కూర్చోడానికేనా నేను నీకు అన్నం పెట్టేది? చూడమ్మా, పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం నమాజు దాకా సారె మీదే ఉంటాడు. మళ్ళీ తిని సాయంత్రం దాకా."

"అదే కదా నాన్నా, కూర్చునే పనేగా!"

"సారె అంటే?" ఒల్ఫా అడిగింది.

"కుమ్మరి సారె తల్లీ. కింద పెద్ద చక్రం ఉంటుంది, కుడి పాదంతో తన్నుతూ ఉంటాం. ఎడమ పాదం చెక్క మీద హాయిగా పడుకుంటుంది."

ఒల్ఫా గబగబా ఫైలు తిరగేసింది. మొదటి పేజీలో తన చేతిరాతే ఉంది: వృత్తి, కూర్చుని చేసేది.

"ఆపరేషన్ తర్వాత ఎప్పుడు మొదలెట్టావు?"

"మూడో నెలలో. సర్జన్‌గారే కూర్చునే పని చేసుకోమన్నారు."

"రోజుకి ఎన్నిసార్లు తన్నుతావు?"

ఆ ప్రశ్నకు తండ్రీ కొడుకులు మొహమొహాలు చూసుకున్నారు. ఎవరు లెక్కపెట్టారు గనక! ఊపిరి ఎన్నిసార్లు తీశావంటే ఏం చెబుతాం?

"మా ఊళ్ళో జిల్లానీ అని దర్జీ ఉన్నాడు," అన్నాడు యాహ్యా. "కుమ్మరి వస్తే కొలత కూడా తియ్యడు, పంట్లాం కుడి కాలు రెండు వేళ్ళు వెడల్పుగా కత్తిరిస్తాడు. ఇదిగో, చూడు నాది. వాడి కత్తెరకు తెలిసింది ఇంత ఖరీదైన మిషన్‌కు తెలీదా?"

ఒల్ఫాకు నవ్వొచ్చింది. "మీ మోకాలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా పెద్దాయనా?"

"ముల్లు కూడా గుచ్చుకోలేదు."

"అయితే మీరొకసారి ఎక్కండి. మెల్లగా తన్నడం మొదలెట్టండి, నొప్పనిపిస్తే ఆపెయ్యండి."

యాహ్యా పెళ్ళికొడుకులా ఠీవిగా ఎక్కి కూర్చున్నాడు. కుడి కాలు నూట తొంభై, ఎడమ కాలు నూట నలభై రెండు. ఒల్ఫా లెక్క కట్టింది. నూటికి డెబ్బై అయిదు.

"హారి దేవుడా, నాకూ ఆపరేషన్ చేస్తావా ఏంటి?"

ఒల్ఫా సాసీ ఫైలు ముందేసుకుంది. "తప్పు నాది. సారె తన్నే కాలుతో పోటీ పెట్టాను. ఎడమ తొడ బలాన్ని నీ బరువుతో పోల్చాలి. బరువుకు మూడింతలు, అంటే ఎనభై కిలోలవాడికి రెండు వందల నలభై కావాలి. నీది రెండు వందల నలభై నాలుగు." పెన్ను తీసి సంతకం పెట్టింది.

సాసీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది నెలలుగా గుండెల మీదున్న బండ దిగిపోయింది. ఎడమ తొడను రెండు చేతులతో పట్టుకున్నాడు. దీన్నేనా తిట్టాను, దీన్నేనా నాది కాదనుకున్నాను అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మొదటి నెల సగం ఆటే ఆడు," అంది ఒల్ఫా. "ఇంకోటి, రోజూ ఓ గంట సారె ఎడమ కాలితో తన్ను."

"అదెక్కడి మాటమ్మా!" యాహ్యా అదిరిపడ్డాడు. "మా తాత ముత్తాతల్లో ఎవరూ ఎడమ కాలు పెట్టలేదు. కుండలు చెడిపోవూ?"

అంటూనే తెచ్చిన కూజా మాత్రం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

శుక్రవారం నమాజు అయ్యాక, సగం నేలలోకి దిగిన వాళ్ళ కొట్టులో సాసీ ఎడమ పాదంతో చక్రం తన్నాడు. మట్టి వంకర తిరిగి, మూతి పక్కకి ఒరిగి, చతికిలబడింది. కుండ చెడితే ఇల్లెగిరిపోయేలా అరిచే తండ్రి ఇవాళ ఏమంటాడోనని బిక్కుబిక్కుమంటూ చూశాడు.

యాహ్యా తన సారె ముందు కూర్చుని, చెప్పు విడిచి, ఎడమ పాదాన్ని మెల్లగా చక్రం మీద పెట్టాడు.

"ఏంట్రా చూస్తావు? మిషన్‌లో నాది నీకన్నా రెండు తక్కువ. తన్ను."