చలిగది బాబాయి చేతిగుణం

ప్రయోగశాలలో అందరూ చలిగది బాబాయి అని పిలిచే ఆయన వరసగా గొట్టాలకు మూతలు బిగిస్తున్నాడు. వేళ్లు కొంకర్లు పోయాయి, స్వెట్టర్ మోచేతుల దగ్గర చిరిగింది. ముప్పై ఒక్క ఏళ్లుగా పరిశోధకులకు ప్రోటీన్లు శుద్ధి చేసి ఇస్తున్నాడు. ఆయన చేతిలో ప్రోటీన్ పాలలా విరగదని పేరు. అంతకు మించి చెప్పుకోవడానికి ఆయన బతుకులో ఏముంది గనక! ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు.

పరిశోధక విద్యార్థిని తలుపు తోసుకుని వచ్చింది.

"బాబాయ్, నాలుగింటికి వ్యాసం పంపేస్తున్నా. అంతా మీ చేతి చలవే!"

ఆయన గుండెల్లో రాయి పడింది.

ప్రోటీన్ లోపలి భాగం ఊరెళ్లేవాడి పెట్టెలా కిక్కిరిసి ఉంటుంది. నూనెగుణం ఉన్న చిన్నా పెద్దా అణువుల కొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకుంటాయి. ఈ పిల్ల అందులో ఒక పెద్ద కొమ్మ తీసి చిన్నది పెట్టింది. లోపల ఖాళీ పడింది. అలాంటిది వేడికి తొందరగా మడత విడిపోవాలి. మామూలుది అరవై నాలుగు డిగ్రీల దాకా ఆగితే, ఇది అరవై రెండు దాకా ఆగింది. లోపలి ఖాళీతో పెద్ద నష్టమేమీ లేదని ఆమె రాసేసింది.

ఆగింది దానంతట అది కాదు. మొదటిసారి అది తెల్లగా విరిగిపోతే పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. చూడలేక బాబాయి పావువంతు గ్లిజరిన్ కలిపాడు. అది బలహీనమైనదాన్ని కూడా కాస్త నిలబెడుతుంది. కొలిచే ముందు తీసేయాలని ఆయనకు తెలుసు. తీస్తే మళ్లీ విరుగుతుందని తీయలేదు, ప్రయోగాల పుస్తకంలో రాయనూ లేదు.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. చెబితే ఆమె మూడేళ్ల పని, తన ముప్పై ఏళ్ల పేరు మట్టికొట్టుకుపోతాయి. చెప్పకపోతే? రేపటి నుంచి తననెవరు అడుగుతారు! ఛీ, అనుకున్నాడు. గ్లిజరిన్ లేకుండా మళ్లీ తయారుచేసి వేడిచేశాడు. యాభై ఏడు దగ్గరే కుప్పకూలింది.

మూడున్నరకు ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"పంపకమ్మా. అందులో గ్లిజరిన్ ఉంది. నేనే కలిపా."

ఆమె ముఖం పాలిపోయింది. "అయ్యో, అప్పుడే చెప్పొచ్చుగా బాబాయ్!"

"నువ్వేడుస్తుంటే చూడలేకపోయా. నా పేరు పోతుందని భయం కూడానూ."

బాబాయి సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

వ్యాసం పంపలేదు. చీకటి పడే వేళకు ఆమె కళ్లు తుడుచుకుని ఫ్రిజ్ తెరిచింది. ముందు వరసలో కొత్త గొట్టం ఒకటి ఉంది. అడుగున అప్పుడే విరిగిన తెల్లటి ప్రోటీన్ పేరుకుంటోంది. పైన అంటించిన కాగితం మీద బాబాయి అక్షరాలు: "ఇందులో ఏమీ కలపలేదు."